మీటరు చూపిన చోటు

మీటరు: 0

కంబగిరి కాళ్లు ఈ రోజు నా లారీకి బిగించారు.

కాళ్లంటే టైర్లే. లారీ నడిపేవాళ్లలో ఎవరు పోయినా వాళ్ల టైర్లను ఇంటి మనిషి లారీకి ఎక్కించడం మా స్టేషన్లో ఆచారం. ఆ టైర్ల మీదే పోయినవాళ్లు కడపటిసారి బయల్దేరిన నీళ్ల తొట్టిదాకా వెళ్లి, అక్కడ నీళ్లు తాగి, వాళ్ల పేరున ఒక చెంబెడు నేల మీద పోసి తిరిగి రావాలి. దాన్నే కాళ్ల ప్రయాణం అంటాం. ఈ టైర్లు మొదట మా బావ పెద్ద మద్దిలేటివి. ఆయన జ్వరంతో పోతే తమ్ముడికి, అంటే నా మొగుడు కంబగిరికి వచ్చాయి. కంబగిరి ఆ కాళ్ల ప్రయాణంలోనే పోయాడు. ఇప్పుడు నా వంతు వచ్చింది.

టైర్లు బిగించేది దస్తగిరన్న. మొహం పక్కకు తిప్పుకుని, చేతి తడుముతోనే నట్లన్నీ బిగించాడు. పోయినవాళ్ల టైరును కంటితో కొలిచినా కొలతే అంటారు.

"ఒకసారి తాడు పెట్టి చూడన్నా. టైరు మారిస్తే మీటరు సరిచూడాలి కదా," అన్నాను.

"ఆ మాట అనగాకు తల్లీ," అన్నాడు చెయ్యి వెనక్కి తీసుకుంటూ. "సచ్చినోళ్లను గుంత తవ్వేటప్పుడు ఒక్కసారే కొలుస్తారు. మళ్లా కొలిస్తే ఇంకో గుంత అడిగినట్లయితాది. పోయిరా, వచ్చినాక కొలుద్దాం. మీటర్లో పళ్ల చక్రం మార్చేదుంటే అప్పుడే మారుస్తా."

అదీ నిజమే. మా అమ్మ టైర్లు నాకు వచ్చినప్పుడూ ఇలాగే కొలవకుండా వెళ్లాను, క్షేమంగా వచ్చాను. స్టేషన్ లారీలన్నిటివీ ఒకే కొలత టైర్లు.

తెల్లబయలు మీద దారి అనేది లేదు. పూర్వం అక్కడ సముద్రం ఉండేదట, ఇప్పుడు ఉప్పు. పైన తిరిగే ఉపగ్రహాలు మా అమ్మ కాలంలోనే రాలిపోయాయి. జెండా పాతితే నాలుగు రోజుల్లో ఉప్పుగాలి మింగేస్తుంది. స్టేషన్ గేటు దాటి కాస్త దూరం పోగానే రేడియో మూగబోతుంది. ఎటు పోవాలో ఎండ చెబుతుంది, ఎంత పోవాలో మీటరు చెబుతుంది. ఏడో తొట్టి దారి మా పసిపిల్లలకు కూడా నోటికొచ్చు. గేటు నుంచి తూర్పుకు అరవై కిలోమీటర్లు, అక్కడ దక్షిణానికి తిరిగి ముప్పై, దిగి తవ్వు.

కంబగిరి అన్న కోసం ఆ దారినే వెళ్లాడు, నేనూ ఆ దారినే పోవాలి. ఏడో తొట్టికి దాదాపు ఏడు కిలోమీటర్ల అవతల దొరికాడు. లారీ చుట్టూ గుంతలే గుంతలని వెతకబోయినవాళ్లు వచ్చి చెప్పారు. నీళ్లు ఒకచోట ఉంటే ఇంకోచోట తవ్వుతూ పోయాడు, ఉప్పుపిచ్చి పట్టిందన్నారు. తెలుపు చూసీ చూసీ బుర్ర తిరిగిపోవడాన్ని మావాళ్లు అలా అంటారు.

పొద్దున లారీలు బయల్దేరేటప్పుడు గేటు పెద్ద మాలకొండయ్య పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే గట్టిగా పిలుస్తాడు. వాళ్ల తరఫున మేం హారన్ కొట్టి పలుకుతాం. ఉప్పుపిచ్చితో పోయినవాళ్ల పేరు మాత్రం పిలవరు. పిలిస్తే ఆ పిచ్చి లారీ ఎక్కుతుందట. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు గానీ, నా మొగుడికి ఆ చారెడూ దక్కలేదు. రొట్టెలో ఉప్పెక్కువైతే కూడా గొంతెత్తని మనిషి. ఏ రెంచీ ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి. అతనికి పిచ్చేమిటి, వీళ్ల మొహాలు.

నాకు కావలసింది ఒక్కటే. ఆ గేటు దగ్గర కంబగిరీ అని పిలవాలి, నేను హారన్ కొట్టాలి.

నాతో సుంకమ్మ వదిన వస్తోంది. కంబగిరికి అక్క, పెద్ద మద్దిలేటి బావకు చెల్లెలు. పోయినవాళ్ల తోబుట్టువు ఒకరు పక్కన కూర్చోవాలని కట్టడి. కంబగిరితో కూడా ఆమే వెళ్లాల్సింది. బావకు వచ్చిన జ్వరమే ఆమెకూ తగిలి మంచం దిగలేకపోయింది, అతను ఒక్కడే వెళ్లాడు. క్యాన్లలో పోయేదారికి సరిపడా నీళ్లే పట్టాం. తిరుగుదారి నీళ్లు మోసుకెళ్తే పోయినవాళ్ల తొట్టిని నమ్మనట్టు.

మీటరు: 10

పాత ఫోన్ టవరు మొండెం వచ్చేసింది. అది పదకొండు దగ్గర రావాలి. తెల్లబయలు అంచులో గుర్తుగా మిగిలింది అదొక్కటే, దాన్ని దాటాక ఇక ఏమీ ఉండదు.

"వదినా, టవరు ముందుకొచ్చినట్టుందే," అన్నాను.

"దానికేమన్నా కాళ్లుండాయా మే, ముందుకొచ్చేకి? నీ మనసే ముందుకు పోతాంది. నేరుగా చూసి తోలు."

వేడికి మీటరు ఒక్కోసారి కాస్త అటూ ఇటూ అవుతుంది. అదే అయి ఉంటుందని పోనిచ్చాను.

మీటరు: 37

మధ్యాహ్నపు ఆగుడు. లారీ కప్పు మీది పలకలకు పట్టిన ఉప్పును పొడిగుడ్డతో తుడిచాను. తడిగుడ్డ పెడితే పొర కడుతుంది, ఎండ లోపలికి దిగదు, బ్యాటరీ ఎక్కదు. గాలి జల్లెడ విప్పి దులిపాను. జొన్నరొట్టె, శెనక్కాయల పొడి తిన్నాం. నీళ్లు మూత కొలతతో తాగాం.

బ్యాటరీ అనుకున్నదానికంటే ఎక్కువ దిగింది. ఇంత దూరానికి ఇంత తాగకూడదు. ముల్లు నలభై మీదే నిలిపి నడిపాను. గాలి మాత్రం ఇంకా వేగంగా పోతున్నట్టు మొహానికి కొట్టింది. కొత్త టైర్లు నేలను ఎక్కువ పట్టుకుంటున్నాయేమో అనుకున్నాను.

వదిన తమ్ముడి చిన్నతనం చెప్పింది. "ఉప్పు మీద కాలు పెట్టనీకి ఒగటే భయం వానికి. మా నాయన చెప్పులు, దాని కింద మా అన్న చెప్పులు, రెండు జతలు తొడుక్కోని నడిచేటోడు. నాలుగడుగులేసి బోర్ల పడేటోడు."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక ఎటు చూడాలో ఇద్దరికీ తెలియలేదు. చుట్టూ తెలుపే, కళ్లద్దాలు పెట్టుకున్నా కళ్లలో నీళ్లొస్తాయి, ఏడుపుకు వేరే సాకు అక్కరలేదు.

మీటరు: 60

ఇక్కడ తిరిగాను. ఎండ కుడి భుజం మీద పడేలా లారీ మళ్లించి దక్షిణం పట్టాం. వెనక్కి చూస్తే మా చక్రాల జాడ అప్పుడే సగం చెరిగింది. గాలి లేచింది. ఒక క్యాను అడుగంటింది, రెండోది సగం ఉంది. ముప్పై పోతే తొట్టి, ఫరవాలేదు.

వదిన చెంబును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మీటరు: 90

ఆగాం. తొట్టి చుట్టూ చాలా మేర నల్లరాళ్లు పరిచి ఉంటాయి. పైన ఉప్పు కమ్మినా గడ్డపారతో నాలుగు పోట్లు పొడిస్తే నలుపు తేలుతుంది. పొడిచాను. తెలుపే వచ్చింది. పది అడుగులు అవతల పొడిచాను. తెలుపే వచ్చింది.

అప్పుడు చూశాను, నేల మీద మాసికలు. ఉప్పు పెచ్చును ఒకసారి పగలగొడితే మళ్లీ పేరుకుంటుంది గానీ పాత రంగు రాదు, కాస్త పసుపు తిరుగుతుంది. అలాంటి మచ్చలు చాలా ఉన్నాయి. గాలి వాటిని పూడ్చింది, పూర్తిగా దాచలేదు. ఎవరో నాకంటే ముందే ఇక్కడ నల్లరాళ్ల కోసం వెతికారు.

"మేయ్ లింగమ్మా," అని వదిన అరిచింది. లారీ అవతల ఆమె నిలబడ్డచోట ఉప్పుగడ్డలు మూడు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. తెల్లబయలు మీద పోయిన మనిషిని ఎత్తుకెళ్లినవాళ్లు ఆ మనిషి పడినచోట మూడు గడ్డలు పేర్చి వెళ్తారు.

నేను బయల్దేరింది ఏడో తొట్టికి. మీటరు ప్రకారం వచ్చింది కూడా ఏడో తొట్టికే. కానీ ఇది నా మొగుడు చచ్చిన చోటు.

మీటరు: 90, ఇంకా అక్కడే

వదిన ఆ గడ్డల దగ్గర కూలబడి ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు. మీటరు మీద నమ్మకంతో ఇంత దూరం వచ్చి, సరిగ్గా అతను ఆగినచోటే ఎలా ఆగాను?

అతని లారీ వేరు, నా లారీ వేరు. అతని మీటరు షెడ్డులో పడి ఉంది. అతనికీ నాకూ ఉమ్మడిగా ఉన్నవి టైర్లొక్కటే.

సీటు వెనక నుంచి చుట్టు తాడు తీశాను. ఒకే కొలతున్న మా లారీ టైరు ఒక చుట్టు తిరిగితే ఎంత నేల నడుస్తుందో అంత పొడుగు తాడు, ప్రతి లారీలోనూ ఒకటి ఉంటుంది. వదిన చూసి లేచి వచ్చి తాడు రెండో కొస పట్టుకుంది.

"వద్దు మే. వాడు పడ్డ సోటు ఇది. ఈడ కొలుస్తావా?"

"కొలవకపోతే మనమూ ఇక్కడే పడుకుంటాం వదినా. నీళ్లు ఎన్ని ఉన్నాయో చూశావా?"

"నీకేం తెలుసు. మా ఇంట్లో రెండు పీనుగులు లేసినాయి. నువ్వు మూడోది అడుగుతాండావు."

"నేనడగడం లేదు. ఈ టైర్లు అడుగుతున్నాయి."

ఆమె తాడు వదల్లేదు. మొహం మాత్రం మారిపోయింది. నా వైపు చూడకుండా చెప్పింది.

"వాడు నన్ను అడిగినాడు మే. టైర్లెక్కించినాక యార్డులో ఒక సుట్టు తిప్పి, నా మంచం కాడికొచ్చి, 'అక్కా, బండి నడక ఏదో తేడాగా ఉండాది, ఒకసారి తాడు పెట్టి సూద్దునా' అన్యాడు. జొరంలోనే లేసి కూసోని తిడితి. అన్న శవం సల్లారకముందే కొలతలేందిరా అంటి. నా మాట ఇన్యాడు. వాడెప్పుడూ నా మాట ఇంటాడు."

తాడు ఆమె చేతిలోంచి జారింది. నేను వంగి ఆ కొస అందుకున్నాను. నేనేమన్నా ఆమె అప్పటికే తనను తాను అనుకున్నదానికంటే తక్కువే అవుతుంది.

టైరు అంచున గ్రీజుతో ఒక బొట్టు పెట్టాను. బొట్టు నేలను తాకేదాకా లారీ జరిపాను, ఉప్పు మీద మరక పడింది. మళ్లీ మెల్లగా ముందుకు పోనిచ్చి రెండో మరక వేయించాను. రెండు మరకల మధ్య తాడు పరిచాం. ఒక కొస వదినే పట్టుకుంది. తాడు చాలలేదు. జానెడున్నర నేల మిగిలిపోయింది.

ఏడు మూరల తాడుకు జానెడున్నర అంటే పదింటికి ఒకటి. మీటరు దూరాన్ని చూడదు, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతుంది, అంతే. టైరు పెద్దదైతే ఒక్కో చుట్టుకు ఎక్కువ నేల నడుస్తుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. అది పది అన్నప్పుడు మేం పదకొండు వచ్చాం. టవరు ముందుకు రాలేదు, బ్యాటరీ ఎక్కువ తాగలేదు. మద్దిలేటి బావ మెత్తటి ఉప్పులో దిగబడకుండా ఎక్కడినుంచో పెద్ద టైర్లు తెచ్చుకుని, తన మీటరు తాను సరిచేసుకుని ఉంటాడు. అవి తమ్ముడి లారీకి ఎక్కాయి. మీటరు పాతదే, టైర్లు కొత్తవి, మధ్యలో కొలవనివ్వని మా మైల.

"అయితే వానికి పిచ్చి పట్టలేదు," అంది వదిన.

"లేదు. ఈ మచ్చలు చూడు."

గుంతలు ఇష్టమొచ్చినట్టు లేవు. లారీ దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క వరస, వరసకూ వరసకూ సమానంగా ఎడం ఇచ్చి, సాలు తప్పకుండా తవ్వుకుంటూ పోయాడు. మీటరు ఇక్కడే అంటోంది కాబట్టి నీళ్లు ఇక్కడే ఉండాలని, తన వెతుకుడులోనే లోపముందని అనుకున్నాడు. చివరి వరసలో గుంతలు లోతు తగ్గాయి. ఎడం మాత్రం తగ్గలేదు.

నాకు గర్వం లాంటిది కలిగింది. ఇదిగో, నా మొగుడు తెలివిగా ఉన్నాడు, ఇక ఎవడు పేరు పిలవనంటాడో చూస్తాననుకున్నాను. వదిన ఆ చివరి వరస దగ్గర నిలబడి నెమ్మదిగా అంది.

"పిచ్చోడై పోయింటే బాగుండు మే. ఏమీ తెలీకుండా పోయింటాడు అనుకొని ఇన్నాళ్లూ కన్ను మూస్తాంటి. నా తమ్మునికి అంతా తెలుసు. ఎండ తెలుసు, దాహం తెలుసు, నీళ్లు అయిపోయింది తెలుసు. తెలిసి తెలిసి ఒక్కడే తవ్వినాడు."

అప్పుడు నాకూ ఏడుపొచ్చింది.

మీటరు: 98

తూర్పుకు ఆరు, దక్షిణానికి మూడు ఎక్కువ వచ్చాం. అవే వెనక్కి పోవాలి. తప్పు మీటరుతోనే పోవాలి కాబట్టి దాని లెక్కలోకి మార్చుకున్నాను. ఉత్తరానికి మూడుకు కాస్త తక్కువ, పడమరకు అయిదున్నర. వదిన పక్కన కూర్చుని ముల్లు వైపు చూస్తూ దారి పొడుగునా పైకి లెక్కపెట్టింది.

దిగి గడ్డపార వేశాను. రెండో పోటుకు నలుపు తేలింది.

తొట్టి మూత తీసేసరికి చల్లటి వాసన వచ్చింది. వదిన ముందు నాకు తాగించి, తర్వాత తాను తాగింది. ఇద్దరం కడుపు నిండా తాగాం, ఆ తాగుతున్నంతసేపూ నాకు సిగ్గుగా ఉంది. అతను పడినచోటికీ ఈ నీళ్లకూ మధ్య ఎంత దూరమని? లారీలో అయితే పాట ఒకటి పాడి ముగించేలోగా చేరేంత దూరం. ఎటు అని తెలిస్తే నడిచైనా వచ్చేవాడు.

చెంబుతో నీళ్లు పోసి వదిన మద్దిలేటి బావ పేరు చెప్పింది. నేను కంబగిరి పేరు చెప్పాను. ఉప్పు ఆ నీళ్లను క్షణంలో పీల్చేసింది.

స్టేషన్

గేటు పెద్ద మాలకొండయ్య మొదట ఒప్పుకోలేదు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్లుండాది నీ యవ్వారం. మైలలో టైరు కొల్చినదే కాక పేరు గూడా పిలవాల్నా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు వదిన ముందుకొచ్చింది. "కొల్చింది అదొక్కతే కాదు, తాడు కొస నేనూ పట్టుకుంటి. కొలవొద్దని నా తమ్ముణ్ణి సంపుకుంది నేనే. నువ్వెవర్నన్నా అనాలంటే నన్ననుకో," అంది.

దస్తగిరన్న అందరి ఎదుటా యార్డులో తాడు పరిచాడు. జానెడున్నర తక్కువ వచ్చింది. తర్వాత అతను మీటరు విప్పి, పాత పళ్ల చక్రం తీసి, పళ్లు తక్కువున్నది వేశాడు. టవరుదాకా నడిపి చూశాం. సరిగ్గా పదకొండు చూపింది. ఇకమీదట కాళ్లెక్కించిన రోజే తాడు పెట్టాలని, తిరుగుదారి నీళ్లు కూడా పట్టుకెళ్లాలని తీర్మానించారు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర మాలకొండయ్య పెద్ద గొంతుతో, "కంబగిరీ" అని పిలిచాడు. నేను హారన్ కొట్టాను.

ఇన్నాళ్లూ కోరుకున్నది అదే. కడుపు నిండుతుందనుకున్నాను. ఇప్పుడు రోజూ పొద్దున ఆ పేరు వినగానే నా కళ్ల ముందు ఆ వరసలు కనిపిస్తున్నాయి, సమానంగా, ఒక్కటీ తప్పకుండా. పిచ్చివాడి భార్యగా ఉన్నప్పుడు కోపంతో నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు పట్టకపోవడానికి కోపం కూడా తోడు లేదు.

స్టేషన్, ఈ రోజు

ఉప్పుపిచ్చితో పోయారన్నవాళ్ల ఇళ్ల నుంచి మనుషులు వస్తున్నారు. అందరి ప్రశ్నా ఒకటే, మావాళ్ల టైర్లు కూడా చూస్తావా అని. దస్తగిరన్న కొలుస్తాడు, తాడు కొస నేను పట్టుకుంటాను.

ఈ రోజు ఈరమ్మ అవ్వ వచ్చింది. ఆమె కొడుకు గిడ్డయ్య తన తండ్రి టైర్లతో వెళ్లి ఉప్పులో పోయాడు. ఆ టైర్లు ఇప్పుడు మనవరాలు నరసమ్మ లారీకి ఉన్నాయి. రేపు ఆ పిల్ల వాటి మీద ఏడో తొట్టికి పోవాలి. అవ్వకు చూపు లేదు. మేం తాడు పరుస్తున్నంతసేపూ నా చీర కొంగు పట్టుకుని నిలబడింది.

తాడు చాలలేదు. దాదాపు జానెడు తక్కువ. నరసమ్మ చూసింది. దస్తగిరన్న చూశాడు. ఇద్దరూ నా మొహం వైపు చూశారు.

"ఏందమ్మా, పలకరు?" అంది అవ్వ. "నాకు వాని పేరు పిలిపించాలని లేదు తల్లీ. పేరుతో నేనేం జేసుకుందు. ఒగ మాట సెప్పు సాలు. నా కొడుక్కి తెలిసిందా? అట్ల పోతాండానని వానికి తెలిసిందా?"

తాడు చుట్టి పక్కన పెట్టాను. "టైరు సరిగ్గానే ఉందవ్వా. మీటరు తప్పేమీ లేదు. గిడ్డయ్యకు ఎండకు తల తిరిగింది, అంతే. ఏమీ తెలియలేదు."

"ఏమీ తెలీలేదు గదా."

"ఏమీ తెలియలేదు."

అవ్వ నా చెయ్యి వెతికి పట్టుకుని కళ్లకద్దుకుంది. అరుగు మీద కూర్చుని, ఎవరూ అడక్కుండానే కొడుకు చిన్నప్పటి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. దస్తగిరన్న ఆమెకు వినపడకుండా నరసమ్మ లారీ మీటరు విప్పి పళ్ల చక్రం మార్చాడు. నరసమ్మ రెంచీ అందించింది, కళ్లు తుడుచుకుంటూనే ఉంది. రేపు గేటు దగ్గర గిడ్డయ్య పేరు పిలవరు. అది నా చేతులారా నేను చేసిన పని, దానికి ఎవరు ఏమన్నా పడతాను.

సాయంత్రం నరసమ్మ వచ్చి చెప్పింది, అవ్వ చాన్నాళ్లకు రెండు రొట్టెలు తిని పడుకుందని. కంబగిరికి ఏమీ తెలియలేదని నాకు కూడా ఎవరైనా వచ్చి చెబితే బాగుండును.